దడి అనేవాళ్ళు, గుమ్మం అనేవాళ్ళు: నికోసియాలో ఐదు రోజులు

గురువారం

నికోసియాకి విమానాశ్రయం ఉంది, విమానాలే లేవు. 1974 జూలైలో యుద్ధమప్పుడు మూతపడ్డది మళ్ళీ తెరుచుకోలేదు. రన్‌వే, టెర్మినల్, ఆ గొడవలో దెబ్బతిని ఎగరలేక మిగిలిపోయిన ఒక ట్రైడెంట్ విమానం, అన్నీ ఐక్యరాజ్యసమితి సైనికుల కాపలాలో ఎండకి ఎండుతున్నాయి. కాబట్టి సైప్రస్ రాజధానికి వెళ్ళాలంటే లార్నకాలో దిగి బస్సెక్కాలి. ఆ యుద్ధంతో ద్వీపం రెండుగా చీలి, దక్షిణం గ్రీకులదీ ఉత్తరం టర్కులదీ అయింది. ఉత్తరాన ఎర్జాన్ అని ఇంకో ఎయిర్‌పోర్టు ఉంది గానీ, అక్కడ దిగితే దక్షిణం ప్రభుత్వం లెక్కలో దొడ్డిదారిన వచ్చినట్టే. పారిస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళడానికి తీసుకున్న షెంజెన్ వీసాలో రోజులు మిగిలితే ఇటు వచ్చాను. "చుట్టూ సముద్రం ఉన్న దేశానికి వెళ్ళి సముద్రం లేని ఊళ్ళో ఉంటానంటావేంటే" అని చెల్లెలు గొణిగింది.

బస పాతబస్తీలో, క్రిసాలినియోతిసా అనే పేటలో. అరవై దాటిన దంపతులు తమ ఇంటి పైగది అద్దెకిస్తారు. ఆవిడ కొంచెం బొద్దుగా, మాట గట్టిగా ఉంటుంది. ఆయన మునిసిపాలిటీలో మురుగు కాలవల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ ఇంగ్లీషు బాగా వచ్చు.

పెట్టె పైన పడేసి, చీకటి పడేలోగా వీధి చూద్దామని బయల్దేరాను. పసుపురంగు రాతిగోడలు, ఇరుకు సందులు, గుమ్మానికో పిల్లి. సందు చివరికెళ్ళి కుడివైపు తిరుగుదామనుకున్నాను. తిరగడానికి లేదు. ఇనుప పీపాలు ఒకదాని మీద ఒకటి పేర్చి నీలం, తెలుపు రంగులేశారు. వాటిపైన ఇసుక బస్తాలు. ఒక బస్తా చిరిగి, అందులోంచి గడ్డి మొలిచింది. పక్కన గూడులాంటి కాపలా గదిలో ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రాడు తుపాకీ పక్కన పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇక్కడ మగపిల్లలకి 14 నెలలు మిలటరీ తప్పదు. ఫొటోలు తీయకూడదని బోర్డు ఉంటే నా ఫోన్ బ్యాగులో వేశాను. అది చూసి ఆ అబ్బాయి తన ఫోన్ కూడా గబుక్కున జేబులో దాచేశాడు.

పీపాల అవతల ఒక మేడ కనిపిస్తోంది. కిటికీ రెక్కలు ఊడిపోయి, డాబా మీద అంజూరపు చెట్టు పెరిగింది. ఆ మేడ ఇటు రాదు, అటు పోదు. ఆ మధ్యనున్న జాగాని గ్రీకు భాషలో "నెక్రి జోని" అంటారు, అంటే చచ్చిన నేల. టర్కిష్‌లో "అరా బోల్గె", నడిమి జాగా. ద్వీపమంతా కలిపి 180 కిలోమీటర్ల పొడవున్న ఈ పట్టీ కొన్నిచోట్ల 7 కిలోమీటర్ల వెడల్పుంటుంది. పాతబస్తీలో ఒకచోట మాత్రం 3 మీటర్ల చిల్లర. ఎదురుబొదురు బాల్కనీల్లోంచి చీపురు అందించుకోవచ్చు.

రాత్రి పడుకోబోతుంటే ఫోన్ మోగింది. అవతలి టవర్ దీన్ని పట్టేసింది. నేను దక్షిణాన మంచం మీదున్నాను, ఫోన్ ఉత్తరానికి వెళ్ళొచ్చింది. రోమింగ్ కింద ఎంత కోశారో తర్వాత తెలిసింది, ఆ అంకె చెల్లెలికి చెప్పలేదు.

శుక్రవారం

టూరిస్టులకిచ్చే మ్యాపులో ఊరు గుండ్రంగా ఉంది. పైసగంలో వీధుల పేర్లు లేవు, లేతరంగు పూసి వదిలేశారు. గుండ్రం ఎందుకంటే వెనీసు వాళ్ళు 1567లో మొదలుపెట్టి కట్టిన కోటగోడ. టర్కీ సైన్యం వస్తోందని హడావిడిగా కట్టారు. 11 బురుజులు. 1570లో ఒట్టోమన్లు రానే వచ్చారు, ఒకటిన్నర నెలల ముట్టడి తర్వాత ఊరు వాళ్ళదైంది. ఇంత కష్టపడి కట్టిన గోడ మూడేళ్ళకే ఓడిపోయింది గానీ నిలబడి మాత్రం ఇంకా ఉంది. ఆ 11 బురుజుల్లో ఇప్పుడు 5 దక్షిణానివి, 5 ఉత్తరానివి, ఫ్లాత్రో అనే ఒక్కటి మధ్యలో ఐక్యరాజ్యసమితిది. అన్నదమ్ములు పొలం పంచుకున్నప్పుడు గట్టు మీది చెట్టులా.

గోడ కట్టేటప్పుడే ఊరి మధ్యలోంచి పారే పెదియోస్ నదిని బయటికి మళ్ళించారట. పాత ఏటి దారి ఆ తర్వాత బజారు వీధి అయింది. పేరు ఎర్మూ. గుడ్డలవాళ్ళు, ఇత్తడి సామాన్లవాళ్ళు, కంసాలులు, గ్రీకులూ టర్కులూ అర్మేనియన్లూ పక్కపక్కనే కొట్లు పెట్టుకున్న వీధి. 1963 డిసెంబరులో రెండు వర్గాల మధ్య చంపుకోవడాలు మొదలైనప్పుడు బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ ఊరి మ్యాపు ముందేసుకుని ఆకుపచ్చ పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాడు. తేదీ డిసెంబరు 30. గ్రీన్ లైన్ అనే పేరు ఆ పెన్సిల్ రంగుదే, ఇంకే అర్థమూ లేదు. చేతిలో ఎర్ర పెన్సిలుంటే ఇంకో పేరుండేది. గీత చాలావరకు ఎర్మూ వీధి వెంట పోయింది. ఒకప్పుడు నీళ్ళు పారినచోటే ఊరు చీలింది.

అది తాత్కాలికమనుకున్నారు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని పంపేటప్పుడు కూడా మూడు నెలలకనే పంపారు. ఇంకా ఉన్నారు. ఇక్కడ మనవాళ్ళ ముచ్చటొకటి. ఆ సైన్యానికి మొదటి కమాండర్ జనరల్ జ్ఞానీ, తర్వాత జనరల్ తిమ్మయ్య. 1965 డిసెంబరులో తిమ్మయ్య ఈ ద్వీపంలోనే, డ్యూటీలో ఉండగానే పోయారు. ఆయన పేరున సైప్రస్ స్టాంపు వేసింది, లార్నకాలో ఒక రోడ్డుకి ఆయన పేరే. 1974లో నిజంగా యుద్ధం వచ్చినప్పుడు కమాండరు ప్రేమ్‌చంద్, ఆయనా భారతీయుడే. నా చిన్నప్పటి పాఠాల్లో వీళ్ళ గురించి ఒక్క ముక్క ఉన్నట్టు గుర్తులేదు.

1974 కథ క్లుప్తంగా. జూలై 15న గ్రీసులోని సైనిక ప్రభుత్వం అండతో ఇక్కడ తిరుగుబాటు జరిగింది. ద్వీపాన్ని గ్రీసులో కలపాలని వాళ్ళ ఉద్దేశం. జూలై 20న టర్కీ సైన్యం ఉత్తర తీరంలో దిగింది. ఆగస్టు 16న కాల్పులు ఆగేసరికి ద్వీపంలో మూడోవంతుకి పైగా టర్కీ చేతిలో ఉంది. గ్రీకువాళ్ళు లక్షన్నరకి పైగా దక్షిణానికీ, టర్కులు వేలకొద్దీ ఉత్తరానికీ, కట్టుబట్టలతో. 1983లో ఉత్తరం తనని తాను ప్రత్యేక దేశంగా ప్రకటించుకుంది. దాన్ని టర్కీ తప్ప ఇంకెవరూ గుర్తించలేదు.

సాయంత్రం లెడ్రా వీధిలో షకోలాస్ టవర్ 11వ అంతస్తు ఎక్కాను. అక్కణ్ణుంచి చూస్తే గీత ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం. ఇళ్ళ కప్పులన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నింటి మీదా సోలార్ వాటర్ హీటర్లు, నీళ్ళ ట్యాంకులు. గీత తెలిసేది పచ్చదనం వల్ల. కప్పుల మధ్యలో మనుషులు కొట్టేయని చెట్లు ఒక చారలా పోతుంటాయి, అదే. అవతల అయిదు వేళ్ళ కొండ, దాని ఒంటి మీద బండలకి రంగేసి చేసిన ఉత్తర సైప్రస్ జెండా. చీకటి పడగానే దానికి దీపాలు వెలుగుతాయి. దక్షిణాన ఏ డాబా ఎక్కినా అది కళ్ళబడాల్సిందే, అందుకే అక్కడ పెట్టారు. మా ఇంటావిడ పైగది కిటికీకి ఉత్తరం వైపు మందపాటి పరదా ఎందుకు కట్టిందో అప్పుడర్థమైంది.

రాత్రి పెద్దాయన కాఫీ పెట్టాడు. చిన్న పొడుగుకాడ గిన్నెలో పొడి, పంచదార, నీళ్ళు కలిపి సన్నసెగ మీద పెట్టి, నురగ పైకి లేస్తుండగా టక్కున దించాలి. పొంగితే పాడైనట్టే. "చక్కెర లేకుండా స్కెతో, కాస్త వేస్తే మెత్రియో, తీపి ఎక్కువైతే గ్లికో" అని నేర్పించాడు. తర్వాత తనకి బాగా తెలిసిన సబ్జెక్టుకొచ్చాడు, మురుగు.

"పైన గీత గీశారు సరే, కింద వాలు మాట ఏంటి? ఈ ఊరి వాలు ఉత్తరానికి. మురుగు శుద్ధి చేసే ప్లాంటు మియా మిలియాలో, అంటే అవతలి వైపు పడింది. పైపులు మా దగ్గర, ప్లాంటు వాళ్ళ దగ్గర. ఇళ్ళలో గోతులు నిండుతున్నాయి. ఏం చేస్తాం?" 1978లో రెండువైపుల మేయర్లు, ఇటు లెలోస్ దెమెత్రియాదిస్, అటు ముస్తఫా అకింజి, కూర్చుని ఒప్పుకున్నారు. దేశాలు మాట్లాడుకోని రోజుల్లో, దాటడానికి ఒక్క దారీ లేని రోజుల్లో, ఈ ఊరి మురుగు మాత్రం కిందనుంచి అటు వెళ్ళింది. అదే చనువుతో ఇద్దరు మేయర్లూ ఊరు మొత్తానికి ఒక మాస్టర్ ప్లాన్ కూడా వేయించారు. ఈ క్రిసాలినియోతిసా పేట బాగుపడింది దానివల్లే. "నేను రోజుకి రెండుసార్లు సరిహద్దు దాటానమ్మా, అప్పట్లో, పాస్‌పోర్టు లేకుండా" అని పెద్దాయన కన్ను గీటాడు. ఇంటావిడ వంటింట్లోంచి "భోజనాల దగ్గర ఆ మాటలెందుకు" అంది.

శనివారం

లెడ్రా వీధి పెద్ద షాపింగ్ వీధి. బట్టలు, ఐస్‌క్రీములు, కాఫీ షాపులు. ఏ ఊళ్ళోనైనా ఉండేవే. అలా నడుస్తూ ఉండగా రోడ్డు మధ్యలో ఒక బూత్. అటువైపు వెళ్ళేవాళ్ళని దక్షిణం పోలీసులు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత కొన్ని పదుల అడుగుల దూరం రెండు పక్కలా మూసేసిన కొట్లు, వాటి ముందు పూలకుండీలు. పెళ్ళివారొస్తున్నారని పాతగోడకి పరదా కట్టినట్టు. తర్వాత ఉత్తరం వాళ్ళ కిటికీ. లోపలున్న అమ్మాయి నా పాస్‌పోర్టు పేజీలన్నీ నిదానంగా తిరగేసింది. నాకు టెన్షన్. ముద్ర వేస్తే వెనక్కి వచ్చేటప్పుడు గొడవవుతుందేమోనని. వేయలేదు. కంప్యూటర్లో ఏదో కొట్టుకుని ఇచ్చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు.

నేను నాలుగు నిమిషాల్లో దాటిన ఈ చోటు 2008 ఏప్రిల్ 3న గానీ తెరుచుకోలేదు. దానికి ఐదేళ్ళ ముందు, 2003 ఏప్రిల్ 23న లెడ్రా ప్యాలెస్ దగ్గర మొదటి దారి తెరిచినప్పుడు జనం గంటల తరబడి బారులు తీరారు. కొవిడ్ అప్పుడు 2020లో మళ్ళీ మూశారు, పూర్తిగా తెరవడానికి ఏడాది దాటింది. గ్రీకువాళ్ళు ఈ చెక్‌పోస్టులని "ఒదోఫ్రగ్మా" అంటారు, దారికి కట్టిన దడి. టర్కులు "కపి" అంటారు, గుమ్మం. ఒకే కిటికీ, ఒకే క్యూ. అటువైపు నుంచి చూస్తే తెరిచిన తలుపు, ఇటువైపు నుంచి చూస్తే మూసిన దారి.

అవతల కాలు పెట్టగానే యూరోలు పోయి లీరాలొచ్చాయి. ఇటు ఊరి పేరు లెఫ్కోసియా, అటు లెఫ్కోషా. హోటల్ మెనూలో ధరల మీద కాగితం ముక్కలు అంటించి, వాటి మీద మళ్ళీ ఇంకో ముక్క. లీరా విలువ పడ్డప్పుడల్లా ఒక పొర. గోకితే పోయినేడు ధర కనిపిస్తుంది. ఇదివరకటి సెయింట్ సోఫియా చర్చి ఇప్పుడు సెలిమియే మసీదు. 1209లో మొదలైన గోతిక్ రాతికట్టడానికి రెండు మినార్లు తగిలించినట్టుంటుంది. నిన్న టవర్ మీదనుంచి ఊరి గుర్తుగా పెట్టుకున్నది ఈ మినార్లనే.

బ్యుయుక్ హాన్‌లో ఎక్కువసేపు కూర్చున్నాను. 1572లో కట్టిన సత్రం. రెండంతస్తులు, 68 గదులు, మధ్యలో వాకిలి. వాకిట్లో స్తంభాల మీద నిలబెట్టిన బుల్లి మసీదు, దాని కింద నీళ్ళ తొట్టి. బ్రిటిష్ వాళ్ళు దీన్ని జైలు చేశారు, ఇప్పుడు గదుల్లో చేతిపనుల కొట్లు. కాఫీ చెప్పబోయి పాఠం అప్పజెప్పినట్టు "మెత్రియో" అనేశాను. కుర్రాడు నవ్వి "ఓర్తా" అన్నాడు. ఇక్కడ పంచదార లేనిది సాదే, తీపిది షెకెర్లి. సాదా, చక్కెర అని వినిపించి ప్రాణం లేచొచ్చింది. కాఫీ మాత్రం అదే. అదే పొడుగుకాడ గిన్నె, అదే నురగ, అడుగున అదే మడ్డి. దక్షిణాన దీన్ని గ్రీకు కాఫీ అనకపోతే చిన్నబుచ్చుకుంటారు.

పక్క బల్ల దగ్గర యాభై దాటిన ఒకాయన ఇంగ్లీషులో పలకరించాడు. టైల్స్ పని. పుట్టింది దక్షిణాన పాఫోస్ దగ్గర పల్లెలో, నాలుగేళ్ళప్పుడు తల్లిదండ్రులతో ఇటొచ్చాడు. పనేమో రోజూ దక్షిణంలో. "పొద్దున కపి, సాయంత్రం కపి. కూలి యూరోల్లో, ఖర్చు లీరాల్లో. దేవుడు ఈ రెండింటి మధ్యనే నాకింత దారి చూపించాడు." 2016 చలికాలం గురించి చెప్పి తెగ నవ్వాడు. టర్కీ ఆ ఏడాది గడియారాలు వెనక్కి తిప్పడం మానేసింది. ఉత్తరమూ టర్కీ వెంటే పోయింది. దక్షిణం మాత్రం మామూలుగా గంట వెనక్కి తిప్పింది. "ఒకే వీధి, రెండు టైములు. ఏడింటికి పనిలో ఉండాలంటే మా ఇంట్లో గడియారం ఎనిమిది కొట్టేది. పిల్లల్ని చీకట్లో బడికి పంపి, అటెళ్తే ఇంకా తెల్లారుతూ ఉండేది. మా ఆవిడ ఫోన్ చేసి ఎన్నింటికొస్తావంటే, ఎవరి టైము అని అడిగేవాణ్ణి." మరుసటి ఏడు ఉత్తరంవాళ్ళు ఆ ముచ్చట మానుకున్నారు.

"మీరు పుట్టిన ఊరు వెళ్ళారా?" అని అడిగాను. "వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. గోడలున్నాయి, మేకలున్నాయి." తొందరపడి ఇంకేదో అడగబోతే "యవాష్ యవాష్" అన్నాడు. మెల్లగా మెల్లగా. పొద్దున గడప దిగుతూ జారబోతే మా ఇంటావిడ "సిగా సిగా" అంది, అదీ ఇదే మాట. ఒక మాటని రెండుసార్లు అంటే గానీ ఇక్కడివాళ్ళకీ తృప్తి ఉండదు, మనలాగే.

తిరిగొచ్చేటప్పుడు దక్షిణం పోలీసు సంచి తెరవమన్నాడు. సిగరెట్లు రెండు పెట్టెలకి మించకూడదు, సరుకులు 260 యూరోలు దాటకూడదు. నా దగ్గరున్నది ఒక హెల్లిమ్ ముక్క. ఇటు హలూమి, అటు హెల్లిమ్, కాలిస్తే కరగని అదే జున్ను. 2021లో యూరప్ వాళ్ళు రెండు పేర్లకీ కలిపే గుర్తింపునిచ్చారు.

ఇంటికెళ్ళి ఆ ముక్క బల్ల మీద పెట్టాను. పెద్దాయన సంబరంగా కత్తి తెచ్చాడు. ఆవిడ ముట్టలేదు. అప్పుడు తెలిసింది ఇంట్లో నడుస్తున్న అసలు యుద్ధం. ఈయన వారానికోసారి కారేసుకుని అయ్యోస్ దొమెతియోస్ అనే ఇంకో చెక్‌పోస్టు దగ్గర దాటి, ఉత్తరంలో పెట్రోలు పోయించుకొస్తాడు. లీరా పడిపోయాక అక్కడ చవక, ఇటువాళ్ళ కార్లు బంకుల దగ్గర వరసలో ఉంటాయి. "సంచులు వెతుకుతారు గానీ ట్యాంకులో ఎంతుందో ఎవరు కొలుస్తారు?" అని ఆయన వాదన. ఆవిడ మాట ఒక్కటే. మా ఇల్లు తీసుకున్నవాళ్ళకి డబ్బులిచ్చి కొన్న పెట్రోలు మీద నేను కూర్చోను. మూడేళ్ళుగా ఆ కారెక్కలేదు. చర్చికి నడిచే వెళ్తుంది. ఉత్తరం అని కూడా అనదు, "తా కతెహోమెనా" అంటుంది, ఆక్రమించుకున్నది అని.

ఆవిడది ఉత్తర తీరంలో కిరీనియా దగ్గర పల్లె. ఇక్కణ్ణుంచి అరగంట. అప్పటికి 14 ఏళ్ళు. పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతుండగా వచ్చేశారట. వాళ్ళమ్మ తలుపు తాళమేసి చెవి రవికలో దోపుకుంది. 29 ఏళ్ళు ఆ తాళంచెవిని నూనె రాసి దాచింది. 2003లో దారి తెరవగానే తల్లి నడవలేని స్థితి, చెవి కూతురి చేతిలో పెట్టి పంపింది. ఆరుగంటలు క్యూలో నిలబడి వెళ్ళింది.

"ఇల్లు ఉంది. తాళంచెవి ఉంది. తలుపే మార్చేశారు."

"అమ్మకి ఏం చెప్పారు?"

"సరిగ్గా తిరిగింది, తేలిగ్గా తిరిగింది అని చెప్పాను." కాసేపాగి బల్ల మీద జున్ను వైపు చూసింది. "సొంత ఊళ్ళోకి పోవడానికి ఇంకొకళ్ళకి పాస్‌పోర్టు చూపించి నిలబడ్డాను. ఒకసారి చాలు."

పెద్దాయన ఏమీ అనలేదు. రెండో ముక్క కోసుకోబోయినవాడు కత్తి పక్కన పెట్టేశాడు.

ఆదివారం

పాఫోస్ గేటు దగ్గర హోలీ క్రాస్ అనే కేథలిక్ చర్చి ఉంది. అది నిలబడ్డ స్థలం బఫర్ జోన్, అంటే ఆ నడిమి జాగా. ముందు గుమ్మంలోంచి దక్షిణంవాళ్ళు వచ్చిపోతారు, వెనకవైపు ఉత్తరం. 2021 డిసెంబరులో పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడికే వచ్చి వలస కూలీలతో ప్రార్థన చేశారు. ఎందుకో ఆదివారం వెళ్తే తెలుస్తుంది. వారమంతా కనిపించని మనుషులు ఆ రోజు బయటికొస్తారు. ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్, ఇండియా. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. చర్చి బయట, కోటగోడ నీడన గుంపులు గుంపులుగా డబ్బాలు విప్పుకుని అన్నాలు తింటున్నారు.

చట్నీ వాసనకి తల తిప్పేలోగా వెనకనుంచి వినిపించింది.

"మీరు తెలుగోళ్ళాండీ?"

నా మెడలో నల్లపూసలు చూసి గుర్తుపట్టిందట. మాట్లాడిన తీరు చూస్తే గోదావరి వైపు. నలభై లోపు. వచ్చి నాలుగేళ్ళయింది. తొంభై నిండబోతున్న ఒక ముసలావిడని చూసుకుంటుంది. ఆదివారం ఒక్కరోజు సెలవు. పులిహోర చేతిలో పెట్టి, తినేదాకా ఊరుకోలేదు.

అవతలి వైపు ఎప్పుడైనా వెళ్ళావా అన్నాను.

"అమ్మో, నాకెందుకండీ. కాయితాల్లో ఏదన్నా తేడా వచ్చి మళ్ళీ ఇటు రానియ్యకపోతే నా పిల్లలేమైపోతారండీ. మా మేడంగారు కూడా ఎల్లొద్దన్నారండి." కాసేపాగి తనే అంది. "నేనెల్లను గానండి, మా ముసలావిడ రోజూ ఎల్దామంటదండి."

ఆ ముసలావిడకి మతిమరుపు. కూతురి పేరు గుర్తుండదు, పొద్దున తిన్నది గుర్తుండదు. నాలుగయ్యేసరికి చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడుతుందట, ఇంటికి తీసుకెళ్ళమని. ఇల్లంటే కొండకి అవతలున్న ఇల్లు. మొదట్లో లేదమ్మా, ఇదే మీ ఇల్లు అని చెప్పేదట. ఏడ్చేది, కొట్టేది. ఇప్పుడు చెప్పడం మానేసి, స్కార్ఫు కట్టి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్తుంది.

"సందు సివర పీపాలుంటాయి సూడండి, ఆడిదాకా తీసుకెల్తానండి. సిపాయి కుర్రోడు మాకు తెలుసండి ఇప్పుడు. సెయ్యెత్తి దణ్ణం పెడతాడండి ఆవిడకి. అప్పుడు నేనంటానండి, గేటు కట్టేసేరమ్మా, ఆవ్రియో అని. ఆవ్రియో అంటే రేపండి. ఆవిడ కూడా ఆవ్రియో అంటదండి. ఎనక్కొచ్చి కాఫీ తాగేసి పడుకుంటదండి."

"రోజూనా?"

"వానొస్తే లేదండి. వానొస్తే ఆవిడే అంటదండి, ఇయ్యాల బస్సులు తిరగవు, రేపెల్దామని."

మాట్లాడుతూనే డబ్బాలన్నీ సర్దేసింది. అయిదింటికల్లా ఇంట్లో ఉండాలి. ఫోన్ నంబరు అడిగితే ఇచ్చింది, ఇచ్చి, "ఫొటో మాత్రం ఎక్కడా పెట్టొద్దండీ" అంది. సాయంత్రం నాలుగింటికి నేను మా సందు చివర పీపాల దాకా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ ఇల్లు ఏ పేటలోనో నాకు తెలియదు, పైగా ఆదివారం. ఊరికే వెళ్ళాను. గురువారం నాటి కుర్రాడే ఉన్నాడు. ఈసారి ఫోన్ దాచుకోలేదు.

సోమవారం

మధ్యాహ్నం బస్సు. పొద్దున్నే లెడ్రా ప్యాలెస్ వైపు వెళ్ళొచ్చాను. ఒకప్పుడు ఊళ్ళోకెల్లా గొప్ప హోటలు. 1974 తర్వాత ఐక్యరాజ్యసమితి సైనికులు అందులో ఉన్నారు. బాల్కనీల రాతి మీద తూటాల గుంటలు అలానే ఉన్నాయి. ఎదురుగా బఫర్ జోన్‌లోనే 2011లో తెరిచిన హోమ్ ఫర్ కోఆపరేషన్ అనే కేంద్రం, అందులో కాఫీ హోటలు. రెండువైపుల పిల్లలూ వచ్చి డాన్సు క్లాసులు, భాష క్లాసులు నేర్చుకుంటారు. గోడ మీద పట్టికలో గ్రీకు క్లాసూ టర్కిష్ క్లాసూ ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి.

తప్పిపోయినవాళ్ళ సంగతి ఇక్కడే విన్నాను. రెండు వర్గాలూ కలిసి పనిచేసే కమిటీ ఒకటుంది, 1981లో పెట్టినది. వాళ్ళ జాబితాలో 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. పాత బావుల్లో, పొలాల్లో తవ్వి, దొరికిన ఎముకలకి మూతపడ్డ ఆ ఎయిర్‌పోర్టు ఆవరణలోని ల్యాబులో పరీక్షలు చేస్తారు. ఇప్పటికి వెయ్యిమందికి పైగా గుర్తుపట్టి ఇళ్ళకి అప్పజెప్పారు. ఆ ల్యాబులో బల్లల దగ్గర గ్రీకు పిల్లలూ టర్కు పిల్లలూ పక్కపక్కనే నిలబడి పనిచేస్తారట.

పన్నెండింటికి పెద్దాయన నా పెట్టె కారు డిక్కీలో పెట్టాడు. సొలొమోస్ చౌరస్తాలో లార్నకా బస్సెక్కాలి, విమానం రాత్రికి. మధ్యలో తిమ్మయ్యగారి రోడ్డు చూద్దామని నా ప్లాను. ఇంటావిడ తలకి స్కార్ఫు కట్టుకుని, సంచిలో నాలుగు నారింజలు వేసుకుని గుమ్మంలోకొచ్చింది. నేను సాగనంపుతాను అంది. పెద్దాయన ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ కారు వైపు కూడా చూడకుండా నడక మొదలుపెట్టింది.

నేనాయన వైపు చూశాను. ఆయన భుజాలెగరేసి, తలుపేసి, స్టార్ట్ చేశాడు.

పెట్టె కారులో వెళ్ళింది, మేమిద్దరం కోటగోడ పక్కగా నడిచి వెళ్ళాం. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ప్రతి బురుజు దగ్గరా ఒకసారి ఆగింది. ఆగినప్పుడల్లా ఆ బురుజు పేరు చెప్పింది. మేం చౌరస్తా చేరేసరికి ఆయన కారు ఇండికేటర్లు వెలిగించి, రోడ్డు పక్కన నో పార్కింగ్ బోర్డు కింద నిలబడి, బస్సు డ్రైవరుతో ఇంకో రెండు నిమిషాలాగమని బేరమాడుతున్నాడు.